బిక్షమ్మ, కోస్గి

మురళీమోహన్‌కు ఏడు పేర్లు. కన్నవాళ్లు పెట్టింది ఒక్కటే, తక్కిన ఆరూ కడుపు పెట్టించినవి.

శుక్రవారం నాడు పేపర్లో వంటిల్లు ఏ మూల ఉండాలో చెప్పే వెంకటరాజ సిద్ధాంతి ఆయనే. అది వాళ్ల నాన్న వెంకటరాజం పేరు, వెనక సిద్ధాంతి తగిలించాడంతే. పాపం, ఆ పెద్దాయన బతికినన్నాళ్లూ వాస్తు ఎరగడు. మగ్గం గుంత ఏ దిక్కున ఉంటే ఆ దిక్కున కాళ్లు పెట్టుకుని నేశాడు. మోకాళ్ల నొప్పులకు చిట్కాలు రాసే డాక్టర్ సుగుణ కూడా మన మురళీమోహనే. చౌటుప్పల్ చుట్టూ చెలకలను ప్లాట్లు చేసి అమ్మేవాళ్లకు కరపత్రాలు రాసిచ్చేదీ, పెళ్లి పత్రికల మీదికి పద్యాలు, పెద్దకర్మ ఫ్లెక్సీల మీదికి కన్నీళ్లు సరఫరా చేసేదీ ఆయనే. ఇంత రాసే మనిషిని బజార్లో ఎవరో ఒకరు ఆపి, "ఇప్పుడేం పని చేస్తున్నవ్ మురళీ?" అని అడుగుతారు. దానికి మాత్రం ఆయన దగ్గర జవాబుండదు.

భార్య రమ హైవే పక్కన మందుల కంపెనీలో ప్యాకింగ్ పనికి వెళ్తుంది. సాయంత్రం వచ్చి చెప్పులు విడుస్తూనే, "డాక్టరమ్మా, జర నా నడుం సంగతి సూడరాదూ" అంటుంది. తల్లి వెంకటనర్సమ్మ లోపలి గదిలో రాట్నం ముందు కూర్చుని, పక్క వీధి మగ్గాలకు కండెలు చుడుతుంది. డెబ్బై దాటినా చేతులు ఊరుకోవు. సిద్ధాంతి సంగతి తెలిసిన నాడు ఆమె ఒక్కటే మాటంది. "సచ్చినోని పేరు మీద అబద్ధాలెందుకురా?" మురళీమోహన్ నవ్వేసి ఊరుకున్నాడు.

ఆ ఆరు పేర్లలో ఆయన ప్రాణం పెట్టుకున్నది ఒక్కదాని మీదే. బిక్షమ్మ, కోస్గి.

దాని వెనక కథ ఇది. ఇరవై ఏళ్లు ఆయన సొంత పేరుతో చేనేత బతుకుల మీద రాశాడు. ఎడిటర్లు చదివి, బాగుందని మెచ్చుకుని, తిప్పి పంపారు. 'గడంచె' అనే ఆదివారం వెబ్ పత్రిక నడిపే కృష్ణకాంత్ అయితే మొహమాటం లేకుండా చెప్పేశాడు, "మగ్గం కన్నీళ్లు మస్తుగ అచ్చేసినం మురళీ, కొత్తది ఏమన్న ఉంటే పంపు" అని. కన్నీళ్లలో కూడా కొత్తవీ పాతవీ ఉంటాయా? ఉంటాయట. కోపం వచ్చి మురళీమోహన్ ఒక పత్తి ఏరే కూలీ మనిషి ముచ్చట రాసి, కింద 'బిక్షమ్మ, కోస్గి' అని పెట్టి పంపాడు. గంటలో ఫోన్ మోగింది.

"ఎవరయ్యా ఈమె? ఏం మాట, ఏం మాట!"

"మాకు తెలిసినామె అన్నా. చదువు రాదు. ఆమె చెప్తది, నేను టైపు చేసి పంపుత." నాలుక ఎలా తిరిగిందో ఏమో, తిరిగింది.

ఆ ఒక్క అబద్ధం మీద ఏడాదిన్నర నడిచింది. పదిహేను రోజులకోసారి బిక్షమ్మ మాట్లాడింది, జనం చదివారు, ఒకరికొకరు పంపుకున్నారు. ముప్పై ఏడు ముక్కలయ్యాక కృష్ణకాంత్ పుస్తకం వేద్దామన్నాడు. ఒప్పంద పత్రం పంపి, దాని మీద బిక్షమ్మ సంతకమో వేలిముద్రో కావాలన్నాడు. ఫోటో ఒకటి, ఆధార్ కాపీ ఒకటి. నెలాఖరు లోపల.

మురళీమోహన్ ఇరవై ఏళ్లుగా కన్న కల ఒక్కటే. తను రాసినదానికి అట్ట వేసి, కుట్టి చేతిలో పెడితే వాసన చూడాలి. అట్ట మీద వేరే పేరుంటేనేం అని మనసుకు సర్దిచెప్పుకున్నాడు గానీ, లేని మనిషి వేలిముద్ర ఎక్కణ్నుంచి తెస్తాడు? "ఆమెకు పానం మంచిగ లేదన్నా" అంటూ రోజులు నెట్టాడు.

లేని మనిషి అన్నాను కదా. అదీ పూర్తిగా నిజం కాదు, వస్తున్నాను అక్కడికే.

ఆషాఢం నడుమ ఒక ఆదివారం. మురళీమోహన్ చాయ్ తాగుతూ ఫోన్‌లో 'గడంచె' తెరిచాడు. బిక్షమ్మ ముక్క ఉంది. కానీ ఆ విడతకు ఆయన ఇంకా ఏమీ పంపనేలేదు! పైన 'వాన ముచ్చట' అని పేరు. కింద 'బిక్షమ్మ, కోస్గి'.

"పోయినసారి వాన గురించి నేను చెప్పిన ముచ్చట తప్పు. మబ్బు వట్టంగనె నా గుండె జల్లుమన్నదని, ఇగ ఈ వారం పొయ్యి ఎలగదని ఏడ్చిన్నని ఉన్నది. గా పొద్దు నా నోట్లె ఎవలిదో మాట వడ్డది. మిరుగు కార్తెల మబ్బు వడితే మా కోస్గిల ఎవలన్న ఏడుస్తరా? తొలి సినుకు రాలంగనె నేను నెత్తి మీది కొంగు తీసి వాకిట్ల నిలవడ్డ. తడిసిన మట్టి ఇంత నోట్లేసుకుంటె నా బిడ్డ తిట్టింది. తిడితె తిట్టనియ్. ఎనిమిది నెలలు ఆకాశం దిక్కు సూసినోళ్లకు గా మట్టి బెల్లం లెక్క ఉంటది."

చాయ్ గ్లాసు గాలిలోనే ఆగిపోయింది. అంతకు రెండు వారాల ముందు ఆ వాన ముక్క రాసింది మురళీమోహనే. బాగా వచ్చిందని మురిసిపోయాడు కూడా.

"నా పేరు మీద ఎవడో రాసిండు!" అని అరిచాడు.

రమ బియ్యం కడుగుతూ తల తిప్పింది. "ఏ పేరు మీద?"

"బిక్షమ్మ పేరు మీద."

"అది నీ పేరా?" అని మళ్లీ బియ్యంలోకి తిరిగింది.

ఏం చెప్తాడు? దొంగసొత్తు పోయిందని ఠాణాకు వెళ్లలేడు కదా. కానీ కోపం కంటే ముందు ఇంకొకటి తొలుస్తోంది. ఎవరు? ఆ పేరులోకి దూరి ఆయన కంటే బాగా రాసింది ఎవరు? ఆ మట్టి నోట్లో వేసుకోవడం ఆయనకు వెయ్యేళ్లకైనా తట్టేదా? కృష్ణకాంతే రాసుకున్నాడా? నల్లగొండలో ఒక కథల రాయుడున్నాడు, వాడి పనా? ఉండబట్టక కృష్ణకాంత్‌కు ఫోన్ చేశాడు.

"ఏం చెప్పిందయ్యా ఈసారి!" కృష్ణకాంత్ పొంగిపోతున్నాడు. "తన మాటనే తను తప్పన్నది సూడు, ఎవరికి వస్తది గా ధైర్యం?"

"ఏ మెయిల్ నుంచి వచ్చిందన్నా?" మెల్లగా అడిగాడు.

"కొత్తది. మనీష అని ఉన్నది, ఆమె బిడ్డనట. ఫోన్ నంబరు కూడ పెట్టింది. నీకు తెలువదా?"

"తెలుసు, తెలుసు. ఆ నంబరు జర పంపన్నా, నా ఫోన్ల పోయింది."

"పంపుత. పానం బాగైనట్టుంది గద, జల్ది సంతకం చేపియ్."

ఫోన్ పెట్టేశాక మురళీమోహన్ ఆ ముక్క చివరి నాలుగు వరుసలు చదివాడు. మొదట చదివినప్పుడు కళ్లు అక్కడిదాకా పోలేదు.

"ఇంకొక మాట. నార్కట్‌పల్లి కాడ బస్సు ఆగిపోయిన పొద్దు, నా సద్దిమూటల జొన్నరొట్టె సగం తుంచి ఒక సారుకు వెట్టిన. పుంటికూర తొక్కు కారమెక్కి సారు కండ్లల్ల నీళ్లొచ్చినయి. గా సారు నావి ఇన్ని ముచ్చట్లు రాసిండు గని, గా రొట్టె ముచ్చట రాయలే. ఎందుకో ఏమొ."

మురళీమోహన్‌కు ఆ బస్సు గుర్తొచ్చింది. అంతకు ముందటేడు పత్తి ఏరే కాలంలో, నార్కట్‌పల్లి దాటగానే బస్సు చెడిపోయింది. పక్కన కూర్చున్న ఆవిడది కోస్గి. పత్తి కూలికి వచ్చి తిరిగి పోతోంది. రోడ్డు పక్కన తుమ్మచెట్టు నీడలో నాలుగు గంటలు కూర్చున్నారు. ఆమె చెప్తూనే ఉంది, ఈయన ఊ కొడుతూనే ఉన్నాడు. రొట్టె పెట్టింది, తిన్నాడు. ఇల్లు చేరి ఆమె చెప్పినదంతా నోటుబుక్కులో రాసుకున్నాడు. ఆమె పేరు బిక్షమ్మ.

అదీ సంగతి. ఆరు పేర్లలో అయిదు ఆయన కల్పించుకున్నవో, ఇంట్లోంచి తీసుకున్నవో. ఈ ఒక్కటీ బతికున్న మనిషిది. కోస్గిలో ఎవరు చదువుతారులే అనుకున్నాడు, అంతకు మించి ఆలోచించలేదు. ఇప్పుడు ఆయన పేరును దొంగిలించిన మనిషి ఎవరో కాదు, ఆ పేరు గల మనిషే.

ఆ సాయంత్రం నంబరుకు ఫోన్ చేశాడు. ఆడపిల్ల గొంతు పలికింది.

"నేను మురళీమోహన్ అమ్మా."

"ఏ మురళీమోహన్ సార్?"

"నార్కట్‌పల్లి కాడ... బస్సు..."

"రొట్టె సారా?" ఆ అమ్మాయి గొంతు మారింది. "మా అమ్మ మీరు ఫోన్ చేస్తరనే అంటున్నది. రాండ్రి సార్, ఇంటికి రాండ్రి."

అలా ఆయనకు ఎనిమిదో పేరు వచ్చింది. అడక్కుండా వచ్చింది.

మర్నాడు బయల్దేరుతుంటే రమ సంచిలో నీళ్ల సీసా పెట్టబోయి ఆగింది. లోపల ఒప్పంద పత్రం మడతపెట్టి ఉంది, పక్కనే వేలిముద్రలు వేసే సిరా డబ్బా.

"కాళ్లు మొక్కనీకి పోతున్నవా, వేలిముద్ర తేనీకి పోతున్నవా?"

"రెండూ" అన్నాడు. నిజమే చెప్పాడు. రాత్రంతా ఆలోచిస్తే ఆయనకు ఒక దారి దొరికింది మరి. బిక్షమ్మ ఉంది కదా! ఆధార్ ఉంటుంది, మొహం ఉంటుంది, వేలుంటుంది. ఆమె ఒక్క ముద్ర వేస్తే ఏడాదిన్నర అబద్ధం మొత్తం నిజమైపోతుంది, పుస్తకం వచ్చేస్తుంది. ఎవరికీ నష్టం లేదనుకున్నాడు. తెలివి అలా పనిచేస్తుంటే మనిషికి ఎంత సుఖం!

హైదరాబాద్‌లో బస్సు మారి, కోస్గిలో దిగేసరికి పొద్దు నెత్తి మీదికి వచ్చింది. మనీష బస్టాండుకు ఎదురొచ్చింది. ఇరవై మూడేళ్ల పిల్ల, డిగ్రీ అయ్యి మీసేవ సెంటర్లో కంప్యూటర్ మీద కూర్చుంటుంది. నడుస్తూనే చెప్పింది. ఎవరో స్నేహితురాలు ఆ ముక్కలు పంపి, 'ఇది మీ అమ్మనేనా' అని అడిగిందట. తను తల్లికి చదివి వినిపించిందట. "నాకు కోపమొచ్చింది సార్. కేసు పెడ్దామన్న. అమ్మనే ఆగమన్నది."

ఊరి చివర రేకుల ఇల్లు. ముందు రేకుల పంచ కింద బిక్షమ్మ చాటలో కందులు ఏరుతోంది. ఆయన్ని చూసి లేవలేదు, నవ్వనూ లేదు, అలా అని మొహం తిప్పుకోలేదు. "కూసో బిడ్డా. తిన్నవా?" అంది.

మురళీమోహన్ దారి పొడవునా చాలా మాటలే తయారు చేసుకున్నాడు. "తప్పయింది అమ్మా" అన్నాడు.

"ఎంత తప్పయిందో సూద్దాం పట్టు." ఆమె కూతురి వైపు తల ఊపింది. "సదువే."

మనీష ఫోన్ తీసి ఒక్కో ముక్క పేరూ చదవడం మొదలుపెట్టింది. బిక్షమ్మ కందులు ఏరుతూనే తీర్పు చెబుతోంది.

"పత్తికాయ గుచ్చుకున్న ఏలు."

"నాది."

"మేస్త్రీ మాట."

"నాది."

"చెల్లె పెండ్లి చీర."

"నాది గాదు. నాకు చెల్లె ఎక్కడిది?"

"పెద్దబండ మీద దీపం."

"నాది గాదు. కని మంచిగుంది."

ముప్పై ఏడూ అయ్యాక తేలింది, ఆమెవి పన్నెండు. మురళీమోహన్‌కు అది కొత్త కాదు. నాలుగు గంటల్లో మనిషి ఎన్ని చెప్తుంది? పన్నెండు అయిపోయాక ఆయన తన దగ్గర ఉన్నవీ లేనివీ తెచ్చి ఆమె నోట్లో పోశాడు. అందరూ నమ్మారు, కొన్నాళ్లకు ఆయనా నమ్మాడు.

"కంకుల గంప." ఆ ముప్పై ఏడింట్లో మనీష చివరికి అట్టిపెట్టింది అదే.

బిక్షమ్మ చెయ్యి చాటలోనే ఆగింది. "గది నాదే" అంది.

మురళీమోహన్‌కు అది బాగా గుర్తు. అన్నింట్లోకీ ఎక్కువ మంది చదివింది అదే. కరువు ఏడు, కడుపులో బిడ్డ, ఆకలి తట్టుకోలేక ఆమె సొంత అన్న చేనులోనే గంపెడు జొన్న కంకులు దొంగిలించింది. దొంగతనం కావలి మనిషి మీద పడి, అతణ్ని కొట్టి పనిలోంచి తరిమేశారు. ఆమె నోరు మెదపలేదు. కథలో మురళీమోహన్ కావలి మనిషి పేరు మార్చాడు, అన్న పేరు తీసేశాడు. జాగ్రత్త పడ్డాననే అనుకున్నాడు.

"గా కావలాయన ఐలేశం" అంది బిక్షమ్మ. "ఊరంత సదివినంక ఒక పొద్దు ఇంటికొచ్చిండు. ఇరవై మూడేండ్లకు! గీడ వాకిట్ల నిలవడి, 'బిక్షమ్మా, గా కంకులు నువ్వు తీసినవా' అన్నడు. అవునన్న. అరుగు మీద కూసున్నడు. నీళ్లిస్తె తాగిండు. ఇంకేమనలే, పోయిండు. తిట్టినా మంచిగుండు బిడ్డా. మా అన్న కృష్ణయ్య అయితె ఇప్పటిదాక నా ముఖం సూస్తలేడు."

"నేను... పేర్లన్నీ మార్చిన అమ్మా."

"అందరివి మార్చినవ్. నా ఒక్కదాన్ది ఉంచినవ్." ఆమె గొంతు పెంచలేదు. "నీ పేరు దాసుకున్నవు, నా పేరు బయటేసినవు. గదేం లెక్క బిడ్డా? నాకు సమజైతలేదు, అడుగుతున్న. ఎందుకు ఉంచినవ్?"

ఆమె నిజంగానే అడుగుతోంది. కళ్లలో కోపం కంటే తెలుసుకోవాలనే ఆరాటమే కనబడింది. దానికి అబద్ధం చెప్పడం ఆయన వల్ల కాలేదు.

"ఆ పేరు సూడంగనె నమ్ముతరమ్మా. నా పేరు పెడితె ఎవరు సదువుతరు?"

"ఓహో." ఆమె తల ఊపింది. "గది ఎట్లన్న చెప్పాల్సిన ముచ్చటే. సచ్చే లోపట ఐలేశానికి చెప్పాలెనని నాకూ ఉండె. కని నేను చెప్పాలె గద? గా పొద్దు నువ్వు గుంజుకున్నవ్."

మురళీమోహన్ తల ఎత్తలేకపోయాడు. సిగ్గుతో చచ్చిపోయాడంటే అతిశయోక్తి కాదు. అంత సిగ్గులోనూ ఒప్పంద పత్రం బయటికి తీశాడు చూడండి, రాసేవాడి ఆశ అలాంటిది! పుస్తకం సంగతి చెప్పాడు. ముద్ర వేస్తే పేరు నీదే, వచ్చే పైసలూ నీకే అన్నాడు.

మనీష కాగితం చదివి తల్లికి చెప్పింది. బిక్షమ్మ దాన్ని తాకలేదు.

"పన్నెండు నావి. మిగిలినవి నీవి. నీ తప్పులకు నేనెందుకు ఏలు వెట్టాలె? రేపు గా వాన ముచ్చట సదివి ఎవలన్న 'ఏమే, వానొస్తె ఏడుస్తవా' అంటె నేనేం జెప్పాలె?"

అప్పుడే రేకుల మీద టపటపమని చినుకులు పడ్డాయి. చాట పక్కన పెట్టి బిక్షమ్మ వాకిట్లోకి నడిచింది. అరవైకి దగ్గరైన మనిషి, మొహం పైకెత్తి నిలబడింది. మనీష కూడా పక్కన చేరింది. మురళీమోహన్ మాత్రం లేచి గోడ వారగా నిలబడి, గచ్చు మూలలు చూస్తున్నాడు. నీళ్లు ఎటునుంచి వస్తాయి, ఎక్కడ నిలుస్తాయి అని. తను అలా చూస్తున్నట్టు ఆయనకే తెలియదు.

"గది!" వాకిట్లోంచి బిక్షమ్మ వేలు చూపింది. ఈసారి నవ్వింది. "మగ్గమోళ్లు గద మీరు? వానొస్తె భూమి దిక్కు సూసేది గాళ్లే. మీ దిక్కు పత్తి ఏరనీకి వచ్చినప్పుడు ఒక మగ్గమోళ్ల ఇంటెనుక దిగినం. మబ్బైతె సాలు, గా ఇంటామె ఏడ్సేది. గా రాత ఇన్నప్పుడే అనుకున్న, గీ సారు మగ్గమింటి బిడ్డ అని."

కోస్గి కూలి మనిషి నోట్లో పోసిన ఆ ఏడుపు ఎవరిదో అప్పుడు అర్థమైంది మురళీమోహన్‌కు. ఊహించి రాశాననుకున్నాడు. ఊహ కాదు, ఇంట్లోదే.

బిక్షమ్మ కొంగుతో మొహం తుడుచుకుంటూ వచ్చి కూర్చుంది. "గా పొద్దు నాలుగు గంటలు నేను జెప్పిన. నీ పేరు గూడ అడగలే నేను. ఇప్పుడు నువ్వు చెప్పు. మీ ఇంట్ల వానొస్తె ఏమైతది?"

చెప్పాడు. మొదట నత్తినత్తిగా, తర్వాత ఆగకుండా. వానలు పడితే మగ్గం గుంతలో నీళ్లు ఊరేవి. నాన్న ఇటుకల మీద కాళ్లు పెట్టుకుని నేసేవాడు, అమ్మ చెంబుతో నీళ్లు తోడి పోసేది. గంజి పెట్టిన పడుగు ఆరదు, పోగు పోగూ అంటుకుంటుంది, పనాగిపోతుంది. ఒక ఏడు వారం రోజులు ముసురు పట్టింది. రెండేళ్లుగా చినుకు లేని ఊరు, బయట రైతులు బెల్లం పంచుకుంటున్నారు. ఒకామె వీళ్ల గుమ్మంలోకీ వచ్చి ఇంత బెల్లం పెట్టి పోయింది. అమ్మ నవ్వుతూ తీసుకుంది, తలుపు మూసింది, మూసి, తడిసిన పడుగు మీద మొహం పెట్టి, "ఇగ సాలు తల్లీ, ఆగు, ఆగు" అని వానను బతిమాలింది. వెనక పదేళ్ల మురళీమోహన్ నిలబడి ఉన్నాడు. చూసి, దగ్గరికి లాక్కుని, నోరు మూసింది. "బయట చెప్పకురా. వాన వద్దన్నమని తెలిస్తె ఊరు మన మీద పడతది."

"ముప్పై ఏండ్లయిందమ్మా. ఎవ్వరికీ చెప్పలే" అన్నాడు. ఇరవై ఏళ్లు మగ్గం మీద రాసిన వాడు, ఆ ఒక్కటి మాత్రం రాయలేదు.

బిక్షమ్మ లేచి రొట్టె వేడి చేసింది. తొక్కు కొంచెమే వేసింది ఈసారి. తిన్నాక, ఒప్పంద పత్రం ఎలా తెచ్చాడో అలాగే సంచిలో పెట్టుకుని మురళీమోహన్ చౌటుప్పల్ చేరాడు.

ఆ తర్వాత నాలుగు రోజులు ఆయన ఏం చేశాడంటే, ఏమీ చేయలేదు. కృష్ణకాంత్ ఫోన్ చేస్తే ఎత్తలేదు. పుస్తకం వదల్లేడు, పట్టుకోనూ లేడు. సిద్ధాంతి చేత ఈశాన్యం గురించి నాలుగు మాటలు రాయించబోతే అవీ రాలేదు. "చెప్పేసెయ్యరాదు" అంది రమ. "చెప్త" అన్నాడు. చెప్పలేదు.

అయిదో రోజు పొద్దున్నే మనీష ఫోన్.

"సార్, అమ్మ మీరు చెప్పిన వాన ముచ్చట గడంచెకు చెప్తనంటున్నది. నేను టైపు చేసిన. కింద 'చెప్పింది మురళీమోహన్, చౌటుప్పల్' అని పెట్టమన్నది. పెట్టచ్చునా?"

"పెట్టమ్మా" అన్నాడు.

"ఇంకొకటి అడగమన్నది సార్. మీ అమ్మ పేరు ఉన్నదున్నట్టు పెట్టాల్నా, మార్చాల్నా? అసలు రాయాల్నా, వద్దా? ఆమెను అడిగి చెప్పుమన్నది. మీరు చెప్పేదాక పంపం."

"అడిగి చెప్త" అని మురళీమోహన్ ఫోన్ పెట్టేశాడు. ఇంత చిన్న ప్రశ్న. నార్కట్‌పల్లి నుంచి ఇప్పటిదాకా, ముప్పై ఏడు ముక్కల్లో ఒక్కదానికి ముందైనా ఆయన అడగని ప్రశ్న. అడగడానికి ఎంత సేపు పడుతుంది? ఆ పిల్లకు అర నిమిషం పట్టలేదు. ఆయన కళ్లు నిండిపోయాయి, పుంటికూర తొక్కు కూడా లేదు సాకు చెప్పుకోడానికి.

వెంటనే కృష్ణకాంత్‌కు ఫోన్ చేసి అంతా చెప్పేశాడు. పన్నెండు, ఇరవై అయిదు, రొట్టె, కంకుల గంప, ఏదీ దాచలేదు.

"ఏడాదిన్నర నన్ను మోసం చేసినవ్ మురళీ."

"చేసిన అన్నా."

"పుస్తకం ఆగుతది."

"ఆగనియ్."

"కంకుల ముచ్చట?"

"ఈ పూటనే తీసెయ్యి. ఆమెను అడిగినంకనే మళ్ల పెట్టేది. పెట్టేటట్టుంటె."

ఫోన్ పెట్టేసి మురళీమోహన్ లోపలి గదిలోకి నడిచాడు. వెంకటనర్సమ్మ రాట్నం తిప్పుతోంది, కండె మీద ఎర్ర నూలు ఎక్కుతోంది. ఎదురుగా కింద కూర్చున్నాడు.

"అమ్మా, ఒక మాట అడగాలె."

"అడుగు."

"నా చిన్నప్పుడు, ముసురు పట్టిన ఏడు... నువ్వు తలుపు మూసి వానను ఆగుమన్నది యాదుందా?"

రాట్నం ఆగింది. ఆమె కొడుకు మొహంలోకి చూసింది. "ఎవలకు చెప్పినవ్?"

"కోస్గిల ఒకామెకు. ఆమె పత్రికల రాస్తనంటున్నది. నీ పేరు పెట్టాల్నా, మార్చాల్నా, అసలే వద్దా అని అడుగుమన్నది. నువ్వు వద్దంటె రాయదు."

వెంకటనర్సమ్మ తెగిన పోగును వేళ్లతో వెతికి పట్టుకుని ముడి వేసింది. తొందరేమీ పడలేదు.

"గా ఆమె పేరేంది?"

"బిక్షమ్మ."

"నిజం పేరేనా?"

"నిజం పేరే అమ్మా."

"అయితె నాది గూడ నిజందే పెట్టమను" అని మళ్లీ రాట్నం తిప్పడం మొదలుపెట్టింది.